గాలికి తగిన పెట్రోలు



రాబడి తగ్గినపుడు ఖర్చు తగ్గించుకొనవలెనని మనకెవ్వరును క్రొత్తగా బోధింపనక్కఱలేదు. నెలాఖరున బియ్యపు డబ్బా అడుగు కనబడినచో పిడికెడు నూక కలిపి గడపుట, పిల్లల జీతములు కట్టవలసిన నెలలో చీర మానుకొనుట మన చేతులకు తెలిసిన విద్యలే. ఈ విద్యయే మోటారు సైకిలునకును కావలసివచ్చునని, హిమాలయములపై పదునేడువేల అడుగుల యెత్తున దానికి గృహిణియే ఈ పాఠము చెప్పగలదని అన్నచో కొందఱు నవ్వవచ్చును. 2022వ సంవత్సరము జూన్ నెలాఖరున మేము విజయవాడనుండి లడఖునకు పోయి వచ్చితిమి. ఎత్తు ప్రదేశములకు తగినట్లు బండిని స్వల్పవ్యయముతో ఎట్లు సిద్ధపఱచుకొంటిరని చుట్టములు, స్నేహితురాండ్రు పలుమాఱులు అడుగుచున్నందున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నారము.

మేమనగా ఒకే యింట కాపురముండు తోడికోడండ్రము ఇద్దఱము. మాలో చిన్నది బండి నడుపును. పెద్దది వెనుక కూర్చుండి దారిని, డబ్బును చూచుకొనును. బండి 2009లో ఇంట కొన్నట్టి 350 సీసీ మోటారు సైకిలు. కాలితో తన్ని నడిపించునది. పెట్రోలును గాలిని కలుపుటకు కార్బ్యురేటరు గలది. మూడేండ్లు చీటీ కట్టి కూడబెట్టిన సొమ్ములో బండి మరమ్మతునకు 10,000 రూపాయలకు మించరాదని ముందే గీత గీసికొంటిమి. మా యత్తగారు సంగతి విని ఒక్క ప్రశ్న వేసిరి: "బండికే ఊపిరాడని చోట మీకెట్లాడునే?" వినుటకు వేళాకోళమువలె నున్నను, ఈ ప్రయాణమునకు ముందు తెలిసికొనవలసినదంతయు ఆ ప్రశ్నలోనే యున్నది. మొదట బండి ఊపిరి సంగతి చెప్పెదము.

ఎత్తునకు పోయినకొలది గాలి పలుచనగును. గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్ళుండుట ఎచ్చటనైనను మాఱదు. కాని పైనుండి అదుము గాలి బరువు తగ్గుటచే, అదే చెంబెడు చోటిలో ఇమిడియుండు గాలియే తక్కువయగును. సముద్రమట్టమునకు కొలది మీటర్ల యెత్తున నున్న విజయవాడలో గాలియొత్తిడిని 100 రూపాయల రాబడి యనుకొందము. సుమారు 2,050 మీటర్ల యెత్తున నున్న మనాలిలో ఆ రాబడి 78 రూపాయలగును. 3,500 మీటర్ల యెత్తున నున్న లేహ్ పట్టణమున 65. మనాలినుండి లేహ్ పోవు మార్గములో అన్నిటికంటె ఎత్తైన తంగ్లాంగ్ లా కనుమ 5,300 మీటర్లకు పైబడినది. అచ్చట రమారమి 52 రూపాయలు మాత్రమే.

ఇంజనునకు గాలి రాబడి, పెట్రోలు ఖర్చు. తూకమున సుమారు 15 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు చొప్పున కలిసినపుడు అది చక్కగా మండును. కార్బ్యురేటరు గొట్టములో గాలి దూసికొనిపోవునపుడు కలుగు పీల్పుచే, జెట్టు అను ఇత్తడి ముక్కలోని సన్నని రంధ్రమునుండి పెట్రోలు పైకి చిమ్మును. గాలి పలుచనైనచో పీల్పును కొంత తగ్గును, పెట్రోలును కొంత తగ్గును. కాని తగ్గవలసినంత తగ్గదు. లెక్క ప్రకారము రాబడి 52 రూపాయలకు పడిపోయిన చోట ఖర్చు 72 రూపాయలవఱకే దిగును. తక్కిన 20 రూపాయలు అప్పే గదా! ఆ యప్పు మసియై ప్లగ్గుపై పేరుకొనును. పొగగొట్టమున నల్లనిపొగ యగును. బండి దగ్గుచు, త్రుళ్ళుచు, మలుపునందు నిలిచిపోవును. పంపుస్టవ్వు వాడిన వారికి ఇది కన్నులకు కట్టినట్లు తెలియును. గాలి చాలినంత కాలము మంట నీలముగ నుండును. గాలి చాలనిచో పసుపుపచ్చనై గిన్నె అడుగు నల్లబడును. అట్టి స్టవ్వునకు మఱింత కిరసనాయిలు పోసిన ప్రయోజనమేమి?

ఇచ్చట ఒక్క మాట గట్టిగ చెప్పవలెను. ఎంత ఖర్చు చేసినను పోయిన బలము తిరిగి రాదు. ఎత్తు 1,000 అడుగులు పెరిగినకొలది ఇంజను బలము నూటికి సుమారు 3 పాళ్ళు తగ్గునని స్థూలమైన లెక్క గలదు. ఆ ప్రకారము తంగ్లాంగ్ లా చేరునప్పటికి బలము దాదాపు సగమే మిగులును. గాలికి తగినట్లు బండిని సర్దుట యనగా సగము జీతమును పూర్తి జీతము చేయుట కాదు. సగము జీతములో అప్పులేకుండ కాపురము చేయించుట. ఈ సంగతి ముందు తెలిసియుండిన వారిని ఎవ్వరును మాటలతో మురిపింపజాలరు.

మమ్ము మురిపింపజూచినవారును లేకపోలేదు. ఒక పెద్ద వర్క్‌షాపులో బండి చూపగా, క్రొత్త పొగగొట్టము, ఫిల్టరు పెట్టె లేకుండ గాలి నేరుగ పీల్చు గొట్టము, మఱి యేవో నునుపు పనులు కలిపి 28,000 రూపాయలకు చీటీ వ్రాసి యిచ్చిరి. "ఇవి వేసినచో కొండపై పక్షివలె ఎగురును" అనిరి. మాలో చిన్నది, "గాలియే తక్కువైన చోట గొట్టము పెద్దదైనంత మాత్రమున గాలి యెచ్చటినుండి వచ్చునండీ?" అని యడిగెను. వారు నవ్వి మఱియొకరి బండి చూడబోయిరి. మేమును నవ్వి వచ్చివేసితిమి.

పిదప ఆటోనగరులో చిన్న షెడ్డు పెట్టుకొని పనిచేయు వృద్ధుడైన మెకానిక్కు కడకు పోతిమి. ఆయన బండి చుట్టును రెండుసారులు తిరిగి, "అమ్మా! కొండ యెక్కించునది ఇంజను. ఇంటికి చేర్చునది బ్రేకు. మీరు దేనికి డబ్బు తెచ్చినారు?" అని యడిగెను. ఆ ప్రశ్నతో మా పద్దు తనంతట తానే సిద్ధమైనది. వెనుక చక్రపు టైరునకు 2,900 రూపాయలు; ట్యూబులు రెంటికి 840; రెండు చక్రముల బ్రేకు షూలకు 560; చైను స్ప్రాకెట్టు జతకు 2,050; క్లచ్చి వైరు, ఎక్సిలేటరు వైరు మున్నగువానికి 610; ఇంజను నూనెకు 1,150; ప్లగ్గులు రెంటికి 240; జెట్లు రెంటికి 280; ఎయిర్ ఫిల్టరునకు 260; కూలి 1,000. మొత్తము 9,890 రూపాయలు. ఇందులో ఎత్తు ప్రదేశపు గాలికని ప్రత్యేకముగ చేసిన ఖర్చు ప్లగ్గులు, జెట్లు, ఫిల్టరు కలిపి 780 రూపాయలు మాత్రమే. తక్కినదంతయు క్షేమముగ తిరిగి వచ్చుటకు చేసిన ఖర్చు. చైను జతలో ముందువైపు స్ప్రాకెట్టు ఒక పల్లు తక్కువగలది ఏరి కొంటిమి. దానిచే బండి వేగము కొంత తగ్గును గాని ఏటవాలున లాగుడు పెరుగును. ఉన్న బలమును నెమ్మదిగ వాడుకొను ఉపాయమిది. దీనికి వేఱుగ పైసయు ఖర్చు కాలేదు.

ఇక సర్దు విధానము. ఆ మెకానిక్కు దగ్గఱ మూడు ఆదివారములు కూర్చుండి నేర్చుకొంటిమి. తరువాత ఇంటి పెరటిలో స్టీలు పళ్ళెము ముందు పెట్టుకొని, చిన్న మరలన్నియు అందులో వేయుచు మరల మరల విప్పి బిగించితిమి. మన్నులో పడిన చిన్న మర కొండమీద దొరకదు గదా!

మొదటిది ఎయిర్ ఫిల్టరు. దుమ్ముపట్టిన ఫిల్టరు పలుచని గాలిని మఱింత అడ్డగించును. కనుక క్రొత్తది వేసికొని, ధూళి మార్గములలో దినదినమును తీసి దులుపవలెను. కొందఱు ఎత్తునకు పోగానే ఫిల్టరును తీసి పాఱవైచెదరు. జల్లెడ చిల్లి పడినదని పిండిని జల్లించుటయే మానిన వారివంటిది వారి పని. లడఖు త్రోవలలోని సన్నని యిసుక లోపలికి పోయి సిలిండరును గీచి పాడుచేయును; ఆ మరమ్మతు వేలలో నుండును.

రెండవది ప్లగ్గు. ఇది ఇంజను నాలుక వంటిది. వైద్యుడు నాలుక చూచి రోగము చెప్పినట్లు దీనిని చూచి మిశ్రమము చెప్పవచ్చును. కొన లేత గోధుమవన్నె నుండినచో అంతయు బాగున్నదని యర్థము. పొడి మసితో నల్లబడినచో పెట్రోలు ఎక్కువ. తెల్లగ మాడినట్లుండినచో పెట్రోలు తక్కువ, వేడి యెక్కువ. మసిపట్టిన ప్లగ్గును తీగబ్రష్షుతో తోమి ఆఱబెట్టి, రెండవది బిగించుకొని సాగవచ్చును.

మూడవది కార్బ్యురేటరు ప్రక్కనుండు గాలిమర. బండి నిలుకడగ ఆడునపుడును, ఎక్సిలేటరు కొలదిగ త్రిప్పినపుడును మిశ్రమమును ఇది నిర్ణయించును. మా బండిలో ఇది గాలిని విడుచు మర. కనుక బయటికి త్రిప్పిన గాలి పెరిగి మిశ్రమము పలుచనగును. కొన్ని బండ్లలో ఇదే చోట పెట్రోలును విడుచు మర యుండును. దానిని లోపలికి త్రిప్పవలెను. తమ బండిలో ఏది కలదో ముందుగ అడిగి తెలిసికొనుడు. పావు చుట్టు చొప్పున త్రిప్పుచు, ఇంజను చప్పుడు నిండుగ, సమముగ వినబడు చోట ఆపవలెను. పోపు చిటపట వినియే వేగినది లేనిది చెప్పగల చెవులు మనవి. ఈ పని మనకు కష్టము కాదు.

నాలుగవది సూదియు, పెద్ద జెట్టును. ఎక్సిలేటరు సగము త్రిప్పినపుడు పెట్రోలును సూది అదుపు చేయును. దాని తలకడ గాళ్ళుండును. అందలి చిన్న క్లిప్పును ఒక గాడి పైకి మార్చినచో సూది క్రిందికి దిగి పెట్రోలు తగ్గును. పూర్తిగ త్రిప్పినపుడు పెద్ద జెట్టుదే అధికారము. జెట్టుపై నంబరుండును, చిన్న నంబరునకు చిన్న రంధ్రము. ఇంట వాడు జెట్టునకు ఒకటి రెండు మెట్లు తక్కువైన జెట్లను వెంట తీసికొనిపోయితిమి. ఒకే దినమున కనుమ యెక్కి దిగిపోవువారికి జెట్టు మార్చు పని లేదు, గాలిమర చాలును. పలుదినములు పైననే తిరుగువారు మార్చుట మేలు. కాని ఒకటి మఱవరాదు. మైదానమునకు దిగునపుడు పాత జెట్టు మరల వేయవలెను. రాబడి తిరిగి వచ్చిన పిదపకూడ కడుపు మాడ్చుకొన్నచో ఆరోగ్యము చెడును. నిండు గాలిలో పెట్రోలు చాలని ఇంజను మితిమీఱి వేడెక్కి పిస్టనే చెడిపోవచ్చును. అప్పు ఎంత దోషమో అతిలోభమును అంత దోషమే.

భారతదేశమున 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి బి.ఎస్. 6 కాలుష్య నియమములు అమలునకు వచ్చిన పిమ్మట వెలువడిన మోటారు సైకిళ్ళలో కార్బ్యురేటరునకు బదులు పెట్రోలును కొలిచి చిమ్ము యంత్రమే సామాన్యమైనది. అది గాలియొత్తిడిని తానే పసికట్టి ఖర్చును సరిచేసికొనును. అట్టి బండి గలవారు మరలను ముట్టనక్కఱలేదు. అయినను బలము తగ్గుట వారికిని తప్పదు. ఫిల్టరు, బ్రేకు, టైరుల మాట వారికిని వర్తించును.

ఇట్లు సిద్ధమై, బండిలోని పెట్రోలంతయు తీసివేయించి రైలు పార్సెలులో ఢిల్లీకి పంపి, మేమును రైలులో పోయి, అచ్చటినుండి మనాలికి బండిపై చేరితిమి. 2020 అక్టోబరు 3వ తేదీన ప్రారంభమైన అటల్ సొరంగము 9.02 కిలోమీటర్ల పొడవుగలది. అది రోహతంగ్ కనుమ యెక్కు శ్రమను తప్పించును. సొరంగము దాటి తాండి గ్రామమున టాంకి నింపించుకొంటిమి. తరువాతి పెట్రోలు బంకు 365 కిలోమీటర్ల దూరమున నున్నదని అచ్చటి బోర్డు చెప్పుచుండెను. మా టాంకి 14 లీటర్లది. మఱి 5 లీటర్లు డబ్బాలో తీసికొంటిమి. డబ్బామూతను పైన మెల్లగ తీయవలెను. ఏలయన, విజయవాడలో కొన్న బూందీ పొట్లము 3,200 మీటర్ల యెత్తుగల జిస్పా చేరునప్పటికి బూరెవలె ఉబ్బియుండెను. మూసిన డబ్బాలోని ఆవిరియు అట్లే ఒత్తుకొనియుండును.

జిస్పాలో రెండు రాత్రులుంటిమి. గాలిమర సర్ది, సూది క్లిప్పు మార్చి, చిన్న జెట్టు వేసితిమి. పెద్దది పళ్ళెము పట్టుకొనగా చిన్నది విప్పెను; చిన్నది చేతులు చల్లబడినపుడు పెద్దది బిగించెను. తెల్లవారుజామున ఇంజను లేవనపుడు చోకు లాగి లాగి తన్నువారిని చూచితిమి. పలుచని గాలిలో మిశ్రమము ముందే చిక్కగ నుండును గనుక చోకు అతిగ వాడిన ప్లగ్గు తడిసిపోవును. మేము కొలదిగ లాగి, లేవగానే విడిచివేసితిమి.

బారలాచా లా కనుమ 4,890 మీటర్ల యెత్తు. మంచు కరిగి మధ్యాహ్నము తరువాత వాగులు పెరుగునని విని తెల్లవారగానే బయలుదేఱి దాటితిమి. బండి మెల్లగనే గాని దగ్గకుండ ఎక్కెను. ఆ రాత్రి 4,290 మీటర్ల యెత్తుననున్న సర్చూలో గుడారమున దిగితిమి. మా యత్తగారి ప్రశ్నలోని రెండవ సగము అచ్చట మాకెదురైనది. మాలో పెద్దదానికి చీకటి పడిన దగ్గఱనుండి తలనొప్పి, తిన్నది నిలువలేదు, నిద్ర లేదు. 3,000 మీటర్లు దాటిన పిదప నిద్రించు చోటి యెత్తును దినమునకు 500 మీటర్లకంటె పెంచరాదని వైద్యులు చెప్పుదురు. ఈ మార్గమున జిస్పాకును సర్చూకును నడుమ వెయ్యి మీటర్లకు పైగ తేడా యుండుటచే ఆ నియమము సాగదు. అందుకే రెండు రాత్రులాగితిమి. అయినను దేహములన్నియు ఒకటి కావు.

తెల్లవాఱెను, తలనొప్పి తగ్గలేదు. పెద్దది పడుకొనియే లెక్క వేసెను. వెనుకకు దిగినచో బస, భోజనము, పెట్రోలు కలిసి 3,000 రూపాయలు. లేహ్ ముందుకు ఒక్క దినపు దారి. చిన్నదియు లెక్క వేసెను. లేహ్‌నకు 250 కిలోమీటర్లు. నడుమ మూడు కనుమలు. అందు రెండు 5,000 మీటర్లకు పైన. దారిలో ఊరన్నది చాల దూరము లేదు. "అక్కా! గాలి తగ్గినదని బండికి జెట్టు మార్చితిమి. మనకు జెట్టు లేదు; దిగుటయే మందు" అనెను. రెండు లెక్కలును ప్రక్కప్రక్కన పెట్టి చూచికొని, గుడారము విడిచి 85 కిలోమీటర్లు వెనుకకు దిగితిమి. జిస్పా చేరునప్పటికే నొప్పి సగమైనది; సాయంకాలమునకు పెద్దది చారన్నము తినెను. మఱునాడు విశ్రాంతి, చిన్నది ఒక్కతెయే తాండికి పోయి టాంకి మరల నింపించుకొని వచ్చెను. ఆ పిమ్మట రెండవసారి సర్చూలో నిద్రించినపుడు ఇద్దఱికిని బాగుగనే యుండెను. మా ప్రయాణమంతటిలో మిక్కిలి విలువైన ఖర్చు ఆ 3,000 రూపాయలే.

సోదరీమణులు ఈ లక్షణములను గుర్తుంచుకొనవలెను. తలనొప్పి, వికారము, నిద్రలేమి కనబడినచో ఇంక పైకెక్కరాదు; తగ్గకున్నచో దిగవలెను. కూర్చుండియున్నను ఆయాసము, తూలుచు నడచుట, మాట తడబడి మతి చెదరుట కనబడినచో రాత్రియైనను వెంటనే దింపవలెను. అది ప్రాణముతో కూడిన సంగతి. ముందు జాగ్రత్తకు వాడు మాత్రలు కలవు గాని వైద్యుని అడుగక వాడరాదు. రక్తపుపోటు, గుండెజబ్బు గలవారు బయలుదేఱకముందే చూపించుకొనవలెను.

గాటా యను చోట 21 మలుపులెక్కి, నకీ లా, లాచులుంగ్ లా కనుమలు దాటి పాంగ్ చేరితిమి. అచ్చట టీ గుడారమువద్ద మఱియొక రాష్ట్రపు యువకులు నలుగురు నిలిచియుండిరి. ఒక బండి ఎంత తన్నినను లేవకుండెను. ఫిల్టరు తీసివేసిరి, పొగగొట్టము క్రొత్తది, ప్లగ్గు మాత్రము మసిబొగ్గువలె నుండెను. మా దగ్గఱనున్న రెండవ ప్లగ్గును తోమి వారికిచ్చి, గాలిమర పావుచుట్టు త్రిప్పి చూపితిమి. బండి లేచెను. ఆ పిల్లలలో ఒకడు, "ఆంటీ! ఇంతేనా?" అని తెల్లబోయి చూచెను. "ఇంతే, నాయనా! ఫిల్టరు కూడ పెట్టుము" అని చెప్పితిమి. సంచి అడుగున దాచిన ఫిల్టరును వాడు వెంటనే తీసి పెట్టుకొనెను.

తంగ్లాంగ్ లా చివరి మలుపులలో బురద మెండు. మొదటి గేరులో పూర్తిగ త్రిప్పినను బండి ఇద్దఱిని మోయలేక కుంటుపడెను. ఇంజను దగ్గలేదు, పొగ విడువలేదు, బలము అంతే. పెద్దది దిగి నడచెను. ఇరువది యడుగులు వేయుట, నిలిచి ఊపిరి పీల్చుట, మరల ఇరువది యడుగులు. చిన్నది బండితో ముందుపోయి ప్రతి మలుపునను నిలిచి చూచుచుండెను. ఉన్న బలమునకు భారమును తగ్గించుటయు సర్దుబాటే గదా! 28,000 రూపాయలు పోసినను ఆ మలుపున ఒకరు దిగి నడవవలసినదే.

లేహ్‌లో నాలుగు దినములుండి ఖార్దుంగ్ లా కనుమకును పోయి వచ్చితిమి. ఆ కనుమ యెత్తు 18,380 అడుగులని చాలకాలము ప్రచారములో నుండెను. సరిగ కొలువగా 5,359 మీటర్లు, అనగా సుమారు 17,580 అడుగులని తేలినది. బోర్డులు ఏమి చెప్పినను ప్లగ్గు నిజము చెప్పును. ఆ సాయంకాలము తీసి చూడగా మా ప్లగ్గు గోధుమవన్నె నుండెను.

తిరుగుదారి కార్గిల్ మీదుగ శ్రీనగరమునకు. 1,600 మీటర్లకు లోపుననున్న ఆ నగరమున మఱుసటి ఉదయమే పళ్ళెము తీసి, పాత జెట్టు వేసి, సూదిని, గాలిమరను మొదటి చోటికి మార్చితిమి. దిగుదారులలో ఇంజను ఆపక, చిన్న గేరులో దాని పట్టుతోనే దిగి, బ్రేకును పట్టి విడుచుచు వచ్చినందున క్రొత్త షూలు విజయవాడ చేరువఱకు చెడలేదు.

మీ యింటి పిల్లవాడో, పిల్లయో రేపు వచ్చి బండిపై హిమాలయములకు పోయెదమని అడుగవచ్చును. వలదని గదిమినచో చెప్పక పోవుదురు. డబ్బిచ్చి ఊరకున్నచో మెఱుపు సామానులు కొందురు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని అడుగుడు: ఫిల్టరు క్రొత్తదా? రెండవ ప్లగ్గు ఉన్నదా? గాలిమర ఏ వైపు త్రిప్పవలెనో తెలియునా? దిగునపుడు జెట్టు మార్చుట జ్ఞాపకముండునా? బ్రేకు షూలు ఎప్పుడు వేసినవి? అన్నిటికంటె ముఖ్యముగ, తలనొప్పి వచ్చినచో వెనుకకు దిగుటకు రెండు దినముల సెలవును, 3,000 రూపాయలును విడిగ కట్టి యుంచినారా? ఈ చివరి ప్రశ్నకు ఔనని చెప్పగలిగినవారిని నిశ్చింతగ పంపవచ్చును. ఆ మూడువేలును చాలనిచో పోపుల డబ్బాలోనిది తీసి యిండు. దానికంటె మంచి ఖర్చు ఆ డబ్బా ఎఱుగదు.